లోకేంద్ర ముఖం

మా గురువు శోభనాద్రిగారు ఫోటోల గురించి ఎవరేం అడిగినా తిన్నగా జవాబు చెప్పి ఎరగరు. "చూద్దాంలే" అని ఊరుకుంటారు. ఆ చూడటం ఎంత ఘోరంగా ఉంటుందో నీరజాక్షి విషయంలో మాకు తెలిసొచ్చింది.

అవి రీళ్ళ కెమెరాల రోజులు. శిష్యులందరిలోకీ నీరజాక్షిది పదునైన కన్ను. ఊరి చివర ప్రభుత్వం పేదలకు కట్టించిన నాలుగంతస్తుల క్వార్టర్లలో, నేపాల్ నుంచి పొట్ట చేత్తో పట్టుకుని వచ్చిన కుర్రాళ్ళ మధ్య ఏడాదిపాటు తిరిగి ఫోటోలు తీసింది. వాళ్ళెవరూ కెమెరా వంక చూడకూడదని ఆమె పట్టుదల. చూస్తే అది పోజట, నిజం కాదట! వాటిలో ఒకదానికి ఢిల్లీలో బహుమతి కూడా వచ్చింది. పెచ్చులూడిన గోడకేసి తిరిగి నిలబడ్డ లోకేంద్ర అనే కుర్రాడి వీపు అది. మేమంతా కుళ్ళుకున్నాం, దాచడమెందుకు.

ఆ ఊపులోనే అడిగింది: "మాస్టారూ, ఒకరి బతుకుని ఉన్నదున్నట్టు తీశామని మనకెలా తెలుస్తుంది?"

"చూద్దాంలే అమ్మా," అన్నారాయన.

ఆ వానాకాలంలోనే లోకేంద్ర సెంట్రింగు పనిలో పైనుంచి జారిపడి చచ్చిపోయాడు. కబురు అందుకుని వాళ్ళమ్మ ఎక్కడో కొండల్లోంచి బస్సులు మారి వచ్చేసరికి దహనం కూడా అయిపోయింది. ఇల్లు వదిలినప్పుడు వాడికింకా మీసాలైనా రాలేదట. ఆ తర్వాత ఆవిడ కొడుకుని చూడనే లేదు.

వాడి అక్క మాయ ఆ క్వార్టర్లలోనే ఉంటుంది. ఇళ్ళలో పని చేసి చేసి తెలుగు బాగా పట్టుబడింది. మర్నాడు పదమూడో రోజనగా మా స్టూడియోకి పరిగెత్తుకొచ్చింది.

"రేపు ఫోటోకి దండ వెయ్యాలక్కా. అమ్మ వాడి ముఖం చూడాలంటోంది. మీరు బోలెడు తీశారు కదా, ఒక్కటివ్వండి."

మాస్టారు ఆ రీళ్ళన్నీ తెప్పించి, లైటు బల్ల మీద పరిపించి, భూతద్దం నీరజాక్షి చేతికిచ్చి పక్కన కూర్చున్నారు. ఆమె వెతికింది. వీపు. మెడ. సిగరెట్టు పట్టుకున్న వేళ్ళు. మెట్ల మీద నీడ. వాడు ఇటు తిరగబోయినప్పుడల్లా కెమెరా దించేసేది కాబోలు, ఒక్కదాంట్లోనూ ముఖం లేదు.

"అమ్మకి పంపడానికి సూటిగా ఒకటి తియ్యమన్నాడట. మీరు నవ్వి వద్దన్నారట," అంది మాయ. పాపం, ఆ పిల్ల గొంతులో కోపం కూడా లేదు.

ఇంకేం గతి? మర్నాడు మాస్టారూ మేమూ ఆ బహుమతి ఫోటోనే మాయ ఇంటికి పట్టుకెళ్ళాం. మాయ దాన్ని స్టూలు మీద పెట్టి దండ వేసింది. బొట్టు పెడదామని కుంకుమ అద్దుకున్న వేలు ఫోటో దాకా తీసుకెళ్ళి ఆగిపోయింది. ఎక్కడ పెడుతుంది, నుదురేదీ? వేలు చీరకి తుడిచేసుకుంది.

తల్లి చాలాసేపు ఫోటోనే చూసింది. తర్వాత వాళ్ళ భాషలో మెల్లగా ఏదో అంది.

"వీడు ఇటెందుకు తిరగలేదని అడుగుతోంది అమ్మ," అంది మాయ, నీరజాక్షితో.

నాకైతే ఆ గదిలోంచి పారిపోవాలనిపించింది. బయటికొచ్చి మెట్లు దిగుతుంటే నీరజాక్షి వెక్కివెక్కి ఏడ్చింది. "ఏదో ఒకటి అనండి మాస్టారూ, తిట్టండి!" అంది.

మాస్టారు ఆగారు.

"గోడ బాగా వచ్చిందమ్మా," అన్నారు.