కాకి ముట్టని విస్తరి

ఏడిచాడమ్మా, ఎందుకేడవలేదూ! కోట బురుజెక్కి, నగారా కొట్టించి, జనాన్నంతా పిలిపించుకుని మరీ ఏడిచాడు ఆ రాజు. అయినా కాకి ముట్టలా. ఉండు, మొదట్నించీ చెబుతా. ఊఁ కొట్టు.

ఎనకటికి, ఏరు పాలలాగా పారే రోజుల్లో, మణిధ్వజుడని ఓ మారాజు ఉండేవాడు. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దోడికి కత్తంటే ఇష్టం. నడిపోడికి గుర్రమంటే ఇష్టం. చిన్నోడు చిత్రాంగుడికి మాత్రం ఎర్రన్నంటే ఇష్టం. ఎర్రన్నెవరూ? చిత్రాంగుడికి పాలిచ్చి పెంచిన పోలమ్మ కొడుకు. ఒక తల్లి పాలు తాగి, ఒక దుప్పట్లో పడుకుని పెరిగినోళ్ళు.

మొదట్లో రాజు మంచోడేనమ్మా. మొదటి యుద్ధంలో ఒక్క బంటు పోతే అన్నం మానేసి ఏడిచాడు. ఇంకొకణ్ణి పంపడానికి ఆయనకి చెయ్యి లేవలా. అప్పుడో మాంత్రికుడొచ్చాడు.

"రాజా, ఇంత దుఃఖం పెట్టుకుని రాజ్యమేం ఏలతావు? అది నాకిచ్చెయ్యి, దాచిపెడతా. ఈ బుడ్డి నువ్వుంచుకో. కంట్లో చుక్కేసుకుంటే కావాల్సినన్ని నీళ్ళు" అన్నాడు.

రాజు సరేనన్నాడు. మాంత్రికుడు ఆ దుఃఖాన్ని ఓ చిలకలో పెట్టి, ఏడు సముద్రాల అవతల దాచేశాడు.

ఇంకేముంది, యుద్ధం మీద యుద్ధం. మూడో యుద్ధానికి బంటుగా వెళ్ళి ఎర్రన్న పోయాడు.

మూడోనాడు కాకికి పెడతాం కదా. పోయినోడి మనసులో ఏదన్నా ఉండిపోతే కాకి ముట్టదు. అదేంటో కనుక్కుని, చేస్తామని మాటిస్తేనే దిగుద్ది. రాజు ఏటి ఒడ్డున బంగారు పళ్ళేలు పెట్టించి, బురుజు మీద బుడ్డి తీసి చుక్కేసుకున్నాడు.

"వీరులారా! మీ ఇళ్ళకి బంగారం పంపుతా!" కాకి దిగలా.

"మీ పేరున రాతి కంబాలెత్తిస్తా!" కాకి దిగలా.

"నా కడుపున పుట్టినోళ్ళు పోయినట్టే ఉంది!" కాకి మొహం తిప్పుకుంది.

రాజు కళ్ళు తుడుచుకుని, పన్నీటి స్నానం చేసి, భోజనానికెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం మంచులో చిత్రాంగుడికి కనపడ్డారమ్మా, పోయినోళ్ళంతా. నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, ఎటూ పోలేక, ఆకలితో కూర్చునున్నారు. చివర్న ఎర్రన్న. పిలిస్తే పలకడు.

"కాకి మావా, ఎందుకు ముట్టవు? మా అన్న పస్తున్నాడు" అన్నాడు చిత్రాంగుడు.

"మీ నాన్న కన్నీళ్ళు నాలిక్కేసి చూశావా అల్లుడూ? ఉప్పు లేదు. పానకంలాగా తియ్యగా ఉన్నాయి. అసలు కన్నీళ్ళు చిలకలో ఉన్నాయి, పద."

కాకి దారి చూపించింది, ఓ తాబేలు వీపునెక్కించుకుంది. ఒక సముద్రం నీలంగా ఉంది, ఒకటి నిద్రపోతా ఉంది, ఒకటి జోలపాట పాడతా ఉంది. ఏడోదాంట్లో నీళ్ళేవో ఆకాశమేదో తెలీలా.

అక్కడ మాంత్రికుడు తడిపంచె కట్టుకుని, మడిగా, చిలక పంజరం ముందు పూజలో ఉన్నాడు.

"ఎవడ్రా నువ్వు?"

"దగ్గరికి రాకండి స్వామీ, మైల. మా అన్న పోయాడు. తానం కూడా చెయ్యలేదు."

"ఓరి నీ దుంపతెగ! నువ్వు ముట్టుకుంటే నా మంత్రాలన్నీ పోతాయి. అవతలికి పో!"

"పోదామనే స్వామీ, ఎటో తెలీట్లా" అని చిత్రాంగుడొక అడుగు ముందుకేశాడు. మాంత్రికుడొక అడుగు ఎనక్కేశాడు. అట్టా ముందుకీ ఎనక్కీ, ముందుకీ ఎనక్కీ, చివరికి మాంత్రికుడు ఏడో సముద్రంలో పడి ఉప్పులాగా కరిగిపోయాడు.

పంజరం తెచ్చి, రాజుని ఏటి ఒడ్డుకి పిలుచుకొచ్చి, చిలకని ఆయన భుజం మీద వదిలాడు చిత్రాంగుడు. చిలక ఆయన చెవిలో "ఎర్రన్న" అంది.

"ఎర్రన్నెవరు?" అన్నాడు రాజు.

"నా కొడుకు దొరా" అంది ఒడ్డునే కూర్చునున్న పోలమ్మ. "చద్దన్నంలోకి ఉల్లిపాయ లేకపోతే అలిగేవాడు."

అంతే. రాజు తలపాగా జారిపోయింది. బురుజు మీద కాదమ్మా, ఏటి ఒడ్డున బురదలో కూలబడ్డాడు. నగారా లేదు, పిలిచిన జనం లేరు. చిత్రాంగుడు నాన్న చెంప తుడిస్తే వేలు ఉప్పగా తగిలింది. బంగారు పళ్ళేలు తీయించి, మోదుగాకు విస్తట్లో చద్దన్నం పెట్టి, పక్కన ఉల్లిపాయ పెట్టి రాజే పిలిచాడు.

"ఎర్రన్నా, ఇంక ఏ తల్లి బిడ్డనీ పంపను. కాకి సాక్షిగా మాట. తిను నాయనా."

అట్టా ఒక్కొక్కర్నీ పేరు పెట్టి, వాళ్ళమ్మ చెప్పిన కూర పెట్టి పిలిచాడు. పిలిచిన పిలుపుకల్లా ఒక కాకి దిగింది.

ఆ సంగతి శత్రురాజు కూతురు ముత్యాలదేవి వింది. వాళ్ళ ఒడ్డునా ముట్టని విస్తళ్ళు ఎండిపోతన్నాయంట. కత్తులు కింద పెట్టారు, తర్వాత చిత్రాంగుడికీ ఆ పిల్లకీ పెళ్ళైంది, యుద్ధమనే మాట మర్చిపోయేంత కాలం ఏలారు. అదంతా తర్వాత మాట.

ఆ సాయంత్రం మాత్రం చిత్రాంగుడు ఎర్రన్న పక్కన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఎర్రన్న నోరు ఉల్లిపాయ వాసనొచ్చింది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఉండరా అనాలనుంది చిత్రాంగుడికి. అనలా. అట్టాగే నిద్రపట్టేసింది.

తెల్లారేసరికి ఎర్రన్న లేడు.