వాగులో నిలబడ్డ పందిరి

ఎండాకాలం చివర, తొలకరికి ముందు, ఆ అడవిలో జంతువులన్నీ కలిసి కొండదేవరకు పండగ చేసేవి. వాటికి పండగంటే పందిరే. వెదురు రాటలు పాతి, పైన వాసాలు కట్టి, తాటాకులు కప్పితే, ఆ నీడలో పులి కూడా పిల్లిలా ఒద్దికగా కూర్చునేది.

పందిరి కట్టడం ఎవరికైనా వస్తుంది. ఆ అడవికి పేరొచ్చింది విప్పడంలో. ఎవరు వేసిన ముడి వాళ్లే విప్పాలి. తాళ్లు చుట్టాలి, ఆకులు దులపాలి, వెదుళ్లు మోపులు కట్టాలి. గంగులు అనే ఎద్దు ఆ మోపుల్ని మెడ మీద మోసుకుని కొండ మీది గుహకు చేర్చాలి. అక్కడ చెద పట్టకుండా వేపమండలు పరిచి దాచాలి. అన్నీ అయ్యాక నీలమ్మ అనే తాబేలు పందిరి వేసిన చోటంతా నెమ్మదిగా తిరిగి, తాడుముక్క కూడా మిగల్లేదని చూసుకుని, "పండగ అయింది" అనాలి. ఆ మాట వినేదాకా ఎవరూ ఇంటికి పోకూడదు. ఇంత నిదానమా అని విసుక్కునేవాళ్లు లేకపోలేదు. నీలమ్మ వాళ్లను పట్టించుకునేది కాదు.

ఆ ఏడు నీలమ్మ రాలేదు. వాగు ఒడ్డున ఇసుకదిబ్బలో గుడ్లు పెట్టింది. అంతకుముందు పెట్టినవన్నీ ఉడుములు తవ్వుకు తిన్నాయి. వయసు మళ్లింది కాబట్టి ఇక ఇవే చివరివని దానికి తెలుసు. అందుకే దిబ్బ వదిలి కదలనంది.

"గంగులు తమ్ముడూ, ఈసారి నా బదులు నువ్వు చూడరా. అంతా గుహకు చేరాకే ఆ మాట అను."

"నువ్వు నిశ్చింతగా ఉండక్కా. నేను లేనూ?" అన్నాడు గంగులు.

ఆ ఏడే ఇంకో వింత జరిగింది. తాటాకులు కొట్టుకురావడానికి బద్ధకించిన కోతులు, ఊళ్లో పెళ్లిళ్లయ్యాక పారేసిన నీలం ప్లాస్టిక్ పట్టాలూ తాళ్లూ ఎత్తుకొచ్చాయి. పందిరి తళతళలాడింది. అందరూ మెచ్చుకున్నారు. పండగ ముగిశాక విప్పబోతే ఒక్క ముడీ రాలేదు. లాగినకొద్దీ బిగుసుకుంది. కోతులు కాసేపు పళ్లతో పీకి, గోళ్లు విరుచుకుని, చెట్లెక్కి కూర్చున్నాయి. మిగతావాళ్లు కడుపు నిండా తిని ఉన్నారు, ఆవలిస్తున్నారు.

అప్పుడు బుచ్చెయ్య అనే నక్క గంగులు పక్కకు చేరాడు.

"బావా, మెడ మీద ఆ పుండేంటి?"

"పోయినేడు మోపులు ఒరుసుకుని పడింది. మానలేదు."

"అయ్యయ్యో! తినడానికి అడవంతా వచ్చింది, మోసేది మాత్రం నువ్వొక్కడివే. నీ మెడెలా ఉందని ఒక్కరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదు. ఆ సంగతి గంగులుకి అప్పుడే తట్టింది. అడిగింది నక్కే అయినా, అడిగినందుకు కళ్లు చెమర్చాయి.

"ఏం చేయమంటావు మరి?"

"ఏమీ చేయొద్దనే చెబుతున్నా. అదుగో, వాగు ఎండి ఉంది. పందిరిని ఉన్నదున్నట్టు అందులోకి లాగి పడెయ్. నేడో రేపో వాన. వాగే మోసుకుపోతుంది. వాగుకేమైనా మెడ పుండు పడుతుందా?"

"ముళ్లు విప్పకుండానా?"

"కోతులు వేసిన ముళ్లు కోతులకే రావట్లేదు. నీకొస్తాయా, నాకొస్తాయా?"

"పై ఏడు పందిరెలా?"

"ఊళ్లో పారేసేవాళ్లకు కరువా బావా?"

"మా అక్కకు మాటిచ్చానయ్యా..."

"చూడమంది, చూశావు. ఇక్కడ నేల శుభ్రంగా ఉంటే చాలదూ? ఆ మాటేదో అనెయ్. పాపం, అందరూ నీ నోటివైపే చూస్తున్నారు."

పొడిగా, వెచ్చగా ఉండే గుహ మీద బుచ్చెయ్యకు ఎప్పటినుంచో కన్నుంది. మోపులు రాకపోతే గుహ ఖాళీయే. అది గంగులుకి తోచలేదు. తోచింది మెడనొప్పి ఒక్కటే. పందిరిని రాటలతో, పట్టాలతో సహా ఈడ్చుకెళ్లి వాగులో పడేశాడు. తిరిగొచ్చి, "పండగ అయింది" అన్నాడు.

అడవి ఒక్కసారిగా కేరింతలు కొట్టింది. గంగులు ఎంత మంచివాడంటే ఎంత మంచివాడని చెప్పుకుంటూ ఎవరిళ్లకు వాళ్లు పోయారు. ఇన్నేళ్లు మోసినా రాని మెప్పు, మోయనందుకు వచ్చింది. వెర్రి ఎద్దు, పొంగిపోయింది.

మర్నాడు పొద్దున్నే వాన దంచికొట్టింది. వాగు వచ్చింది. పందిరిని నక్క చెప్పినట్టే ఎత్తుకుంది, నక్క చెప్పినట్టే మోసుకుపోయింది. కానీ ఎంతదూరం? ఇసుకదిబ్బ దాటగానే వాగు రెండు బండల మధ్య సన్నబడుతుంది. ముళ్లు విప్పి ఉంటే వెదుళ్లు ఒక్కొక్కటీ ఆ సందులోంచి జారిపోయేవి. ముడి ఒక్కటీ ఊడలేదు కాబట్టి పందిరి ఆ బండలకు అడ్డంగా తగులుకుని, పట్టాలు పరుచుకుని నిలబడింది. వెనక నీళ్లు ఎగదన్నాయి.

గంగులు పరుగెత్తుకొచ్చేసరికి నీళ్లు దిబ్బ అంచును నాకుతున్నాయి. నీలమ్మ కాళ్లతో ఇసుక ఎగదోస్తోంది. అది ఎగదోసినంతా నీళ్లు లాక్కుంటున్నాయి.

"తమ్ముడూ, వచ్చావా! వాగు ఏనాడూ ఇంత ఎత్తుకు రాలేదురా. ఏమైంది దీనికి?"

గంగులు బండల వైపు పరుగెత్తాడు. నీళ్లలోకి దూకి, పట్టాల్లో కొమ్ములు దించి లాగాడు. లాగినకొద్దీ ముళ్లు బిగిశాయి. తాళ్లు కాళ్లకు చుట్టుకున్నాయి. మెడ పుండు చిట్లి రక్తం కారింది. సాయానికి అరుద్దామంటే ఎవరున్నారు? అందరినీ ఇళ్లకు పంపింది తనే. కొండ మీద గుహ గుమ్మంలో బుచ్చెయ్య ఒక్కడే కనిపించాడు.

"బుచ్చెయ్యా! నీకు పదునైన పళ్లున్నాయి, వచ్చి ఈ తాళ్లు కొరుకు! అక్క గుడ్లు పోతున్నాయి!"

"తడిస్తే నాకు దగ్గొస్తుంది బావా," అన్నాడు బుచ్చెయ్య పైనుంచి. "అయినా పండగ అయిందని నువ్వే అన్నావుగా!"

వాన వెలిసేసరికి దిబ్బ లేదు.

నీళ్లు తీశాక నీలమ్మ బురదలో చాలాసేపు వెతికింది. గుడ్లు దొరకలేదు. కాలికి నీలం తాడుముక్క ఒకటి తగిలింది. దాన్ని నోట కరుచుకుని గంగులు ముందుకు తెచ్చి పెట్టింది.

"ఇది మన పందిరిదేనా, గంగులూ?"

తమ్ముడూ అనలేదు. ఆ పిలుపు ఇక ఎన్నటికీ రాదని గంగులుకి అర్థమైంది. తల వంచుకుని అవునన్నాడు. నీలమ్మ తిట్టలేదు, ఏడవలేదు. వాగు వెంట నడుస్తూ చిరిగిన పట్టా ముక్కల్ని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది. గంగులు వెనకాలే ఏరాడు. ఎంత ఏరినా చెట్ల వేళ్లలో, ముళ్లకంపల్లో, ఇసుక అడుగున ఇంకా ఉంటూనే ఉన్నాయి. వాళ్లిద్దరూ మళ్లీ ఒక్క మాటా మాట్లాడుకోలేదు.

ఏడాది తిరిగింది. వెదుళ్లు విరిగిపోయాయి. పట్టాల కోసం ఊరికి వెళ్లిన కోతులు దెబ్బలు తిని వచ్చాయి. పందిరి లేదు, నీడ లేదు, ఎవరూ రాలేదు. పండగ ఎంగిళ్ల మీద ఆశతో ఎండాకాలం గడుపుకునే బుచ్చెయ్య, డప్పు మోత కోసం గుహలో చెవులు రిక్కించి రిక్కించి, డొక్కలెండి, చివరికి కిందికి దిగొచ్చాడు. వాగులో గంగులు ఒక వేరుకు చుట్టుకున్న తాడును నోటితో లాగుతున్నాడు. కాస్త అవతల నీలమ్మ ఇసుక తవ్వుతోంది.

"ఏం బావా, ఈ ఏడు పండగ లేదా?"

గంగులు తలెత్తకుండానే జవాబిచ్చాడు.

"పోయినేటిదే ఇంకా అవలేదు."

నీతి: విప్పి దాచే ఓపిక లేనివాళ్లు పందిరి కట్టకూడదు.