సూక్ష్మంవారి బన్నుల బారసాల

నమ్మనివాళ్ళుంటే ఇప్పుడే లేచి వీధరుగు మీదికి వెళ్ళిపోండి. సగం విన్నాక "అబ్బే, కోతలు" అన్నారో, మళ్ళీ మొదటినుంచీ మొదలెడతాను. వరదలో శారదానదిని ఎడంచేత్తో ఈదుతూ కుడిచేత్తో చుట్ట కాల్చినవాణ్ణి. నాకు అబద్ధాలతో పనేమిటి?

చోడవరంలో మా పక్కిల్లు సూక్ష్మంవారిది. ఇంటికి పెద్ద వరహాలమ్మ, కొడుకు గవర్రాజు, కోడలు మంగ. "బుర్రలు పంచడానికొచ్చిన బ్రహ్మదేవుడు గంప మా గుమ్మంలోనే దించాడు" అనేది వరహాలమ్మ. దించిన మాట నిజమే. పోతూ పోతూ మర్చిపోకుండా ఎత్తుకుపోయాడు.

ఆ ఇంట్లో కాస్త బుర్రున్నది గవర్రాజు కూతురు పైడికే. పాపం, ఆ పిల్లకి గోధుమ పడదు. గోధుమలో గ్లూటెన్ అని ఒక జిగురుంటుందట, అది కడుపులో పడితే మెలికలు తిరిగిపోతుంది. బర్గర్ బండి దగ్గర స్నేహితురాళ్ళు బన్నులు కొరుకుతుంటే, ఇది పక్కన నిలబడి జంతిక నమిలేది. "నా పుట్టినరోజు సాయంత్రం నేనూ అందరితోపాటు బన్ను కొరకాలి" అని భీష్మించుక్కూచుంది. స్నేహితురాళ్ళని పిలిచేసింది కూడా.

డాక్టరుగారు అప్పటికే ఒక మాటన్నారు: "ఈ పిల్లకి గోధుమ గాలి కూడా సోకనివ్వకండి."

ఇంకేముంది! వీళ్ళ ఎదురిల్లు పిండిమర. గవర్రాజు చేట పుచ్చుకుని మర గుమ్మంలో నిలబడి, గాలిని లోపలికి తోలడం మొదలెట్టాడు.

"ఏట్రా అది?" అన్నాను.

"గాలి, మావయ్యా! అందులో గోధుమది ఏదో, బియ్యందేదో తెలీటం లేదు. అందుకని మొత్తం తోలేస్తన్నాను."

మరలో పిండంతా ఒక్కసారిగా లేచింది. పెళ్ళిచూపులకి బయల్దేరిన కుర్రాడొకడు అటుగా వచ్చి, తల నెరిసిన తాతలా తేలాడు. ఆ సంబంధం అక్కడికక్కడే తప్పిపోయింది.

మంగ బేకరీ వలీభాయ్ దగ్గరికెళ్ళింది. ఆయన మంచి మనిషి, విడమరిచి చెప్పాడు. "బియ్యప్పిండి, సగ్గుబియ్యప్పిండి, ఈస్టు, ఇసబ్గోల్ పొట్టు. గోధుమ జిగురు చేసే పని ఆ పొట్టు చేసిపెడుతుంది. గోరువెచ్చటి నీళ్ళతో కలుపు. బర్గర్‌కి గుండ్రంగా, హాట్ డాగ్‌కి పొడుగ్గా చెయ్యి. ఇక మీదటే ఉంది అసలు సంగతి. వాటిని పసిబిడ్డల్లా చూసుకోవాలమ్మా. వెచ్చగా పడుకోబెట్టి, పొంగాక కాల్చాలి."

అంతే! మంగ నాలుగు గుండ్రటివి, ఒకటి పొడుగుది చేసింది. వరహాలమ్మ చూసి కళ్ళొత్తుకుంది. "నలుగురు ఆడపిల్లల మీద మగపిల్లాడే! నూకాలమ్మ తల్లి కరుణించింది."

ఇంకేముంది! ఒక్కొక్కళ్ళకీ ఒళ్ళంతా నూనె రాశారు. సాంబ్రాణి పొగ వేశారు. బుగ్గన దిష్టిచుక్క పెట్టి, ఉయ్యాల్లో వేసి జోలపాడారు. ఆ వెచ్చదనానికి ముద్దలు బ్రహ్మాండంగా పొంగాయి.

"ఒళ్ళు చేశారే!" అంది వరహాలమ్మ.

"అయితే ఇప్పుడు కాల్చాలత్తా" అంది మంగ.

వరహాలమ్మ ఉయ్యాలకి అడ్డంగా నిలబడింది.

"బిడ్డల్ని కాలుస్తామేటే, రాక్షసీ!"

ఉయ్యాల చుట్టూ ఏడుపులు. పొద్దు వాలిపోతోంది. పైడి మా ఇంటికి పరిగెత్తుకొచ్చి నా పంచె పట్టుకుంది. "తాతా! ఈయేడు కూడా నాకు జంతికలే."

నేను రంగంలోకి దిగాను. నేను దిగితే రంగమే పక్కకి తప్పుకుంటుంది. "వరహాలమ్మా! పసివాళ్ళు వణికిపోతున్నారు, కనబడటం లేదా? కుక్కర్‌లో ఉప్పు పోసి, పళ్ళెంలో కూచోబెట్టి, మూత పెట్టి కింద సెగ వెయ్యి."

"అయ్యో అన్నయ్యా, నాకు తోచనేలేదు!"

బంగారు రంగులో దిగాయి బన్నులు. "పిల్లలు చామనఛాయకి తిరిగారే" అని గవర్రాజు దిగులుపడ్డాడు. "మీ నాన్న పోలికరా" అంది వాళ్ళమ్మ.

స్నేహితురాళ్ళొచ్చారు. పైడి చెయ్యి చాపింది.

"ఆగు! పేరు పెట్టకుండా బయటి పిల్లల చేతుల్లో పెడతారేటి?" అని వరహాలమ్మ అప్పటికప్పుడు బారసాల చేసింది. అందరికీ పేర్లు పెట్టింది. పొడుగువాడు వరహాలరాజు. పైడి మళ్ళీ చెయ్యి చాపింది.

"పేరు పెట్టిన పిల్లల్ని కొరుకుతారటే!"

పైడి కళ్ళమ్మట నీళ్ళు. నేను గొంతు సవరించుకున్నాను. "సరే, పుట్టి ఇంతసేపైంది. వాళ్ళకి ఏమైనా తినిపించారా?"

అందరూ గతుక్కుమన్నారు. "నోరేదీ?" అన్నాడు గవర్రాజు. అంతే, కత్తి తెచ్చి అందరికీ అడ్డంగా నోరు కోశాడు. మంగ ఆడపిల్లల నోళ్ళల్లో వేడివేడి బంగాళదుంప కట్లెట్టు, ఉల్లిచక్రాలు, టమాటా కుక్కింది. పైడి కళ్ళు తుడుచుకుంది.

"నాయనమ్మా, చెల్లికి ముద్దెట్టనా?"

"పెట్టవే, నా తల్లీ!"

కసుక్కు! సగం చెల్లి మాయం.

"మేమూ ముద్దెడతాం!" అన్నారు ముగ్గురు స్నేహితురాళ్ళూ. కసుక్కు, కసుక్కు, కసుక్కు. పైడి మొహం చూడాలి! బుగ్గలు రెండూ పూర్ణాల్లా ఉబ్బిపోయి, పెదాల మీద టమాటా.

"మా పిల్లలంటే ఊరికి ఎంత ప్రేమో!" అని మురిసిపోయింది వరహాలమ్మ. వరహాలరాజుని మాత్రం చంకలోంచి దింపలేదు.

మర్నాడు వాణ్ణి అంగన్వాడీకి తీసుకెళ్ళి తూకం వేయించారు. టీచరు నవ్వాపుకోలేక, "బరువు చాలదమ్మా, గుడ్డు పెట్టండి" అంది. పెట్టారు, ఉడికించి నోట్లోనే. ఉయ్యాల్లో వేసి అటు తిరిగారో లేదో, పైడి వచ్చి తమ్ముణ్ణి ముద్దాడి వెళ్ళిపోయింది.

"ఒరే గవర్రాజూ, పిల్లాడేడిరా?"

గవర్రాజు ఖాళీ ఉయ్యాలని తిరగేసి చూశాడు. "గుడ్డు తిన్నాడు కదమ్మా, బలమొచ్చి బడికెళ్ళుంటాడు."

అంతే! పలకా, క్యారేజీ పుచ్చుకుని బడికేసి పరుగో పరుగు.

నమ్మరా? మా అంగన్వాడీ టీచరు నూకరత్నంగారిని అడగండి. తూకం వేసింది ఆవిడే.