ఏడో చప్పట

పాలు పొంగేలోపు అయిపోయే కథ ఇది. అనగనగా ఒక రాజు. ఆయన మీసాలు పెద్దవి, రాజ్యం చిన్నది. రాణిగారు తనకు గురక లేదంటారు. కోట కాపలావాళ్లు మాత్రం ఆ గురక పుణ్యాన ఏ రాత్రీ కునుకు తీసి ఎరగరు. సరే, వాళ్ల సంగతి మనకెందుకు.

రాజుగారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు తింటాడు, నడిమివాడు పడుకుంటాడు, చిన్నవాడు మణికేతుడు ఆ రెండూ అయ్యాక కాస్త చదువుకుంటాడు. వాడికి ఆరో ఎక్కం దాకా వచ్చింది. ఏడోది రాదని ఉన్నమాట చెప్పినందుకు సుబంధుడనే కుర్ర పంతుల్ని రాజుగారు వెళ్లగొట్టారు.

అంతలో పక్కరాజ్యపు రాకుమారి హేమలేఖను జంభకుడనే మాంత్రికుడు ఎత్తుకుపోయాడు. పెద్దవాడు భోజనం అయ్యాక చూద్దామన్నాడు. నడిమివాడు లేచాక చూద్దామన్నాడు. మణికేతుడు ఒకప్పుడు వలలోంచి తాను తప్పించిన తాబేలునెక్కి ఏడు సముద్రాలూ దాటాడు.

జంభకుడు వాడికి చిలకలు వాలే ఖాళీ దండె ఒకటి చూపించాడు.

"చప్పట కొడితే నా చిలకలు వచ్చి ఒక సంఖ్యగా కూర్చుంటాయి. కొట్టినప్పుడల్లా ఆ మొదటి సంఖ్యే ఇంకోసారి కలుస్తుంది. ఆ అంకెల్లోనే నా ప్రాణం. వాటిని చెరిపితే పిల్ల నీది. లేదా నువ్వు రాయివి, పిల్ల నాది."

మణికేతుడు ఒక చప్పట కొట్టాడు. ఆరు చిలకలు వాలాయి. రెక్కల మీద ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు. లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు.

రెండోది కొట్టాడు. ముందున్న రెండూ ఎగిరి వెనక చేరాయి. అంతే. అవే అంకెలు.

మూడోది కొట్టాడు. చివరిది ముందుకొచ్చింది. అవే అంకెలు. నాలుగోది, అయిదోది, ఆరోది. అవే అంకెలు.

మణికేతుడి అరికాళ్లు అప్పుడే రాయవుతున్నాయి.

"ఏడోది కొట్టవేం?" అంది తాబేలు.

"ఏడో ఎక్కం రాదు."

"చప్పట్లకు ఎక్కం దేనికి నాయనా. దాటిన సముద్రాలు ఏడు కదా, ఒక్కోదానికి ఒక్కోటి."

ఏడోది కొట్టాడు. ఆరు రెక్కల మీదా తొమ్మిదే. తొమ్మిది లక్షల తొంభై తొమ్మిది వేల తొమ్మిది వందల తొంభై తొమ్మిది. జంభకుడు మొద్దులా కూలాడు. హేమలేఖ సంకెళ్లు ఊడాయి, మణికేతుడి అరికాళ్లు మళ్లీ మామూలయ్యాయి. మణికేతుడు తెరిచిన నోరు మూయలేదు.

"పదండి, ఇంకా చూస్తారేం?" అంది హేమలేఖ తాబేలునెక్కుతూ.

"ఎనిమిదోదానికి ఏమవుతుందో?"

"ఏమైతే మనకేం? వద్దు."

కొట్టాడు. ఎక్కణ్నుంచో ఏడో చిలక వచ్చి ముందు కూర్చుంది. ఒకటి, ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఆరు. చివరి ఏడు కాస్తా విరిగి, ఒకటి ముందుకు పోయి ఆరు మిగిలింది. జంభకుడు లేచి కూర్చుని దండె వంక చూశాడు.

"నా ప్రాణమేనా ఇది?" అన్నాడు. "ఏదీ, ఇంకోటి కొట్టు."

మణికేతుడు కొట్టాడు. హేమలేఖ మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ, "ఇదొక్కటీ" అన్నాడు.

ఆమె తాబేలు మీద ఇల్లు చేరి, అప్పటికే అక్కడ చేరిన పంతులు సుబంధుణ్ని పెళ్లాడి చాలాకాలం రాజ్యమేలింది. మణికేతుడూ జంభకుడూ ఇంకా అక్కడే కొడుతున్నారు.