అక్షింతల పందిరి

పూర్వం నాగావళీ తీరంలో మొగిలివలస అనే గ్రామం ఉండేది. అక్కడి భాస్కరస్వామివారికి రథసప్తమినాడు చిక్కుడుకాయలతో కట్టిన రథాన్నీ, పరమాన్నం వడ్డించే ఏడు చిక్కుడాకులనూ సమర్పించే హక్కు గవరమ్మ అనే మహాభక్తురాలిది. ఆకులు ఆమె పెరటివే కావాలి. ఒక్క ఆకు తగ్గినా ఆ హక్కు తోడికోడలు సన్నెమ్మకు పోతుందని దేవళం కట్టడి.

ఒక సంవత్సరం పుష్యమాసంలో పందిరినిండా పేనుబంక పట్టి, లేత తీగెలు నల్లబడి, పూత ముడుచుకుపోయింది. గవరమ్మ బూడిద చల్లింది. అంతలో ఆ పేనుబంక మధ్యన ముళ్ళ వీపులతో నల్లని పురుగులు పాకుతూ కనబడేసరికి, కీడుకు మూలం ఇవేనని ఎంచి, పూటకు గుప్పెడు ఏరి నలిపింది. ఎంత నలిపితే పేను అంత పెరిగింది. అప్పుడామె ఇది చేతబడేనని అనుమానించి, దడి దగ్గర నిలబడి ఊరంతా వినేలా అడిగింది.

"ఒలే సన్నెమ్మా, నా పందిరికి సిల్లంగి పెట్టినావేటే?"

"నీ నోటికి జడిసి సుట్టాలే నీ గడప తొక్కరప్పా, సిల్లంగి తొక్కుద్దేటి?" అంది సన్నెమ్మ దడి అవతలినుంచి.

సప్తమికి పక్షం రోజుల ముందు హక్కుదారు దీక్ష పట్టాలి. దీక్షలో ప్రాణిని చంపరాదు. ఇక నలపడానికి వీల్లేక గవరమ్మ, సన్నెమ్మ చాటుగా ఏమి చల్లుతుందో పట్టుకోవాలనే పంతంతో, రోజూ పగలంతా పందిరి కింద పీట వేసుకు కూర్చుంది. పట్టుబడింది సన్నెమ్మ కాదు. నల్లపురుగు పేనును ఒక్కొక్కటిగా తింటూ ఆకును శుభ్రం చేయడం ఆమె కళ్ళారా చూసింది. తరువాత అది ఆకుకు అంటుకుని కదలక మెదలక ఉండి, కొన్నాళ్ళకు వీపు చీలి, కుంకుమ కలిపిన అక్షింత వలె ఎర్రని పురుగై బయటికొచ్చింది. తానిన్నాళ్ళూ నలిపింది స్వామి సేవకులనేనని తెలిసి గవరమ్మ ఆ పందిరికే దణ్ణం పెట్టింది.

సప్తమి ఉదయాన ఏడాకులూ, ఒక్క రథానికి సరిపడా కాయలూ దక్కాయి. రథాన్ని స్వామి ఎదుట దించగానే తొలికిరణం సోకి, ఆకుల చాటున ఉన్న ఎర్రపురుగులు లేచి, గవరమ్మ తలమీదా, వెనుక నిలిచిన సన్నెమ్మ తలమీదా సమంగా వాలాయి.

"స్వామే అక్షింతలు వేశాడమ్మా!" అన్నాడు పూజారి.

గవరమ్మ సన్నెమ్మవైపు తిరిగి, "ఒలే, సిల్లంగి అన్నది నాదే తప్పు. రథమిచ్చే అక్కు మాత్రం నాదే," అంది.

పేను బొత్తిగా లేనిచోట ఆ పురుగు ఆకలికి నిలవదని గ్రహించి, ఆలయం వెనుక రెండో పందిరి ఒకటి వేయించి, దాన్ని పేనుకే వదిలిందామె. నేటికీ ఆ పందిరికి ఎవరూ బూడిద చల్లరు. సప్తమినాడు అక్కడ బియ్యపు అక్షింతలూ వేయరు. భక్తులు తలలు వంచుకుని దాని కింద నిలబడతారు. పుష్యమాసంలో దానికి పేను పట్టకపోతే పూజారి ముఖం చిన్నబోతుంది.