బోర్లించకూడని జీను

అనగనగా, రాజులు గుర్రాలను కన్నబిడ్డల్లా పేరు పెట్టి పిలుచుకునే కాలంలో, నల్లగుట్ట అనే రాజ్యం ఉండేది. దాని రాజు కీర్తిసేనుడు. ఆయన గుర్రాలను సాకే సాహిణి బయ్యన్న. ఆ శాలలో తుమ్మెద అనే నల్లని ఆడగుర్రం ఉండేది. అది పుట్టిననాడు ఒళ్లు తుడిచినవాడు బయ్యన్నే. అందుకని తుమ్మెద సంగతి తనకన్నా ఎరిగినవాడు లేడని అతని నమ్మకం.

విజయదశమి నాడు రాజు గుర్రమెక్కి కోట చుట్టి రావడం అక్కడి ఆచారం. ఆనాడు వేసే జీను ఏడు తరాల నాటిది. కొత్త రాజుకు పట్టం కట్టినప్పుడల్లా, పాత పట్టు మీదే కొత్త పట్టు పరిచి బంగారు తీగతో పూలు కుట్టేవారు. ఆ జీనును బోర్లించేది ఒక్క రోజే, రాజు కన్నుమూసిన రోజు. అది కూడా తెల్లబట్ట కప్పి. మిగతా రోజుల్లో బోర్లిస్తే రాజు చావు కోరినట్టే, ఉరి తప్పదు. కుట్టేవాళ్లు కూడా అడుగున చేత్తో తడుముకుని ముడి వేసేవారు. ఎత్తేవాళ్లు తల పక్కకు తిప్పుకునేవారు. పైనున్న పూలను లోకమంతా చూసింది. అడుగు ఎవరూ చూడలేదు.

ఆ ఏడు కీర్తిసేనుడికి మొదటి దసరా, జీను మీద ఆయన పేర మరో పొర కొత్తగా కుట్టారు. పండుగకు పది రోజుల ముందు ఆ జీను వేయించి తుమ్మెదను ఎక్కాడు. నాలుగడుగులు వేసిందో లేదో, అది ముందుకాళ్లు పైకెత్తి రాజును దుమ్ములో పడేసింది.

మర్నాడు దళపతి వీరమల్లుడు కొరడా పట్టుకుని ఎక్కాడు. ఆయనా పడ్డాడు. మూడోనాడు పొరుగు దేశపు గుర్రాల వర్తకుడు నోరు కోసే ముళ్ల కళ్లెం బిగించి ఎక్కాడు. ఆయన పడ్డాడు, తలపాగా గడ్డివాములో పడింది. గుర్రానికి పొగరెక్కిందన్నాడు దళపతి. దయ్యం పట్టిందన్నాడు వర్తకుడు. పండుగలోపు లొంగకపోతే బల్లెంతో పొడిచెయ్యమన్నాడు రాజు.

బయ్యన్న రాజు ముందు మోకరిల్లి మూడు రోజుల గడువు అడిగాడు.

"ముద్దు చేసి చెడగొట్టింది నువ్వే కదటోయ్," అన్నాడు దళపతి. "ఇంకో మూడు రోజులు ముద్దాడుకో."

మొదటి రోజు బయ్యన్న తాడూ కొరడా లేకుండా తుమ్మెద పక్కన ఊరికే కూర్చున్నాడు. పొద్దు వాలేవేళకు అది తనంతట తనే వచ్చి అతని భుజం మీద గడ్డం ఆనించింది. రెండోరోజు దాని నోటి పుండ్లకు వెన్న రాసి, వీపున కంబళి పరిచాడు. బెదరలేదు. మూడోరోజు ఉత్త వీపు మీద ఎక్కి కోట చుట్టి వచ్చాడు. పసిపాపను మోసినట్టు మోసింది.

దిగి వీపు నిమురుతుంటే వేళ్లకు గరుకు తగిలింది. వెంట్రుకలు విడదీసి చూశాడు. వెన్నుకు రెండు పక్కలా ఎండిన నెత్తుటి చుక్కలు, పూలు కుట్టినట్టు వరుసలు వరుసలుగా.

బయ్యన్న చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ చుక్కలు అతను ఎరగనివి కావు. జోరీగలు కుట్టాయనుకుని రాజు పడిన రోజే నూనె రాశాడు. నూనె రాసిన చేత్తోనే మర్నాడు జీను బిగించాడు. బిగించిన ప్రతిసారీ తుమ్మెద తల తిప్పి అతనివైపు చూసింది. గారాబం అనుకున్నాడు.

మర్నాడు కొలువులో ఆ జీనును ఒక కొయ్యపీట మీద పెట్టించాడు.

"దీన్ని నేను బోర్లించను ప్రభూ. ఏలినవారు ఒక్కసారి దీని మీద కూర్చుంటే చాలు," అంటూ తన కుడి అరచెయ్యి జీను కిందికి దూర్చాడు.

వింత కోరిక అనుకుంటూనే రాజు కూర్చున్నాడు. బయ్యన్న పెదవి కదపలేదు. కాసేపటికి పీట అంచు నుంచి వెచ్చగా ఏదో రాజు పాదం మీద పడింది. వంగి చూస్తే నెత్తురు. రాజు ఉలిక్కిపడి లేచాడు.

"ఎందుకు అరవలేదు?"

"తుమ్మెద పడ్డ బాధ తమకు చూపాలని, ప్రభూ. నాకు నోరుంది, అరిస్తే మీకు అర్థమవుతుంది. తుమ్మెదకు ఆ దారి లేదు. అందుకే కూర్చున్నవాళ్లను దించాలని చూసింది."

కీర్తిసేనుడు రెండు చేతులా జీను పట్టుకుని బోర్లించాడు. పురోహితుడు కళ్లు మూసుకున్నాడు. దళపతి చేతిలోని కొరడా నేల మీద పడింది. ఏడు తరాల బంగారు తీగ కొసలు ముళ్లపంది వీపులా నిక్కి ఉన్నాయి. వాటి మధ్య నల్లని వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.

రాజు ఆ వెంట్రుకలను వేలితో తాకాడు.

"బోర్లించాను, నేను చావలేదు," అన్నాడు చివరికి. "బోర్లించకుంటే అది చచ్చేది."

ఆ విజయదశమికి రాజు గుర్రమెక్కలేదు. తుమ్మెద ఉత్త వీపుతో నడిచింది, పక్కనే రాజు చెప్పుల్లేకుండా నడిచాడు. జనం దండం పెట్టడం కూడా మరిచి చూశారు. అయినా తుమ్మెద రాజు చెయ్యి పైకి లేస్తే చాలు, వెనక్కి జరిగేది. మూడు నెలలు ఆయన రోజూ శాలకు వచ్చి గడ్డి పెట్టాడు, ఎక్కుతానని అనలేదు. ఒకనాడు తుమ్మెదే వచ్చి ఆయన పక్కన వీపు తిప్పి నిలబడింది. అప్పుడు మెత్తని ఉన్ని దట్టించిన కొత్త జీను తెచ్చారు. బయ్యన్న మచ్చలు పడిన తన అరచెయ్యి దాని కింద పెట్టి చూశాకే వీపున వేశాడు.

మూగజీవి ఎదురు తిరిగితే దాని పొగరని తిట్టే ముందు, మనం మోపిన బరువు అడుగున మన చెయ్యి పెట్టి చూడాలి.