చిన్నకొండ దాచిన నీళ్ళు

అనగనగా సముద్రంలో ఒక దీవి. ఒడ్డున నిలబడి చూస్తే వరసగా మూడు కొండలు కనపడేవి. ముందు పెద్దకొండ, దాని పక్కన బోడికొండ, చివర్న చెట్లు కప్పుకున్న చిన్నకొండ. వాటి కింద ఒక పల్లె. పల్లె మొత్తానికి ఒక్కటే మంచినీళ్ళ బావి. కాళ్ళు ఆడించకు, విను.

ఆ పల్లెకి నూకరత్నం కొత్తకోడలై వచ్చింది. సముద్రానికి అవతలి ఒడ్డునున్న ఊరి పిల్ల. మంచిదే కానీ మహా తొందర మనిషి. ఎండాకాలం వచ్చి బావిలో నీళ్ళు అడుగంటాయి. "మా ఊళ్ళో అయితే ఇంకాస్త లోతు తవ్వుతారు" అంది. "వద్దే, మన కింద సముద్రముంది" అని అత్త మాచమ్మ మొత్తుకుంది. వింటేగా! మొగుణ్ణి బావిలోకి దింపి తవ్వించింది. నీళ్ళయితే బుడబుడా ఊరాయి. నోట్లో పోసుకుంటే ఒకటే ఉప్పు!

అప్పుడు పల్లెవాళ్ళు సామాన్లన్నీ పడవలకెక్కించారు. తాగే నీళ్ళు లేనిచోట ఎలా బతుకుతారు? మాచమ్మ మాత్రం "నేనిక్కడే పుట్టాను, ఎక్కడికీ రాను" అని గడప మీద కూర్చుంది. కోడలితో మాట మానేసింది. నూకరత్నానికి ఏడుపొక్కటే తక్కువ. పడిన వాన ఎటు పోయిందో కొండల్నే అడుగుదామని ఖాళీ కడవ చంకన పెట్టుకుని బయల్దేరింది.

ముందు పెద్దకొండని అడిగింది. "మబ్బుల్ని ఆపి వాన కురిపించడం వరకే నా పని. కింద సంగతి నాకేం తెలుసు?" అంది పెద్దకొండ. గొప్పవాళ్ళ తీరే అంత.

ఆ తర్వాత బోడికొండని అడిగింది. "నా ఒంటి మీద గడ్డిపరకైనా లేదు తల్లీ. పడ్డ వాన పడ్డట్టే జారి సముద్రంలో కలిసిపోయింది. ఏడుద్దామన్నా నా దగ్గర చుక్క లేదు" అంది పాపం.

ఆ తర్వాత చిన్నకొండని అడిగింది. అది ఉలకలేదు, పలకలేదు. నూకరత్నం చెట్ల కింద కూలబడి, "తప్పు నాదే. మా అత్త దాహంతో ఉంది" అని భోరుమంది.

అప్పుడు చిన్నకొండకి జాలేసింది. "నా చెట్లు వానని పట్టి నా కడుపులో దాచాయి. లోతుకు పోకు, ఉప్పు తగులుతుంది. నా పాదాల దగ్గర ఇసక పైపైన తియ్యి. ఊరిన నీళ్ళే ముంచుకో. మళ్ళీ ఊరేదాకా ఆగు" అంది.

నూకరత్నం చేతుల్తో ఇసక తీసి చిన్న చెలమ చేసింది. అడుగున కాసిని నీళ్ళు మెరిశాయి. అక్కడే దొరికిన కొబ్బరిచిప్పతో ముంచింది, ఆగింది. మళ్ళీ ముంచింది, మళ్ళీ ఆగింది. ఆ తొందర మనిషే, కదలకుండా కూర్చుంది! కడవ నిండేసరికి పొద్దు వాలింది.

ఇంటికొచ్చి అత్త దోసిట్లో నీళ్ళు పోసింది. మాచమ్మ తాగింది. తియ్యటి నీళ్ళు. కోడలి ముఖంలోకి చూస్తే పెదాలు ఎండిపోయి ఉన్నాయి. "నువ్వు తాగావుటే, అమ్మా?" అని అడిగింది. నూకరత్నం తల అడ్డంగా ఊపింది. అప్పుడు మాచమ్మ తనే కడవ ఒంచి, కోడలి దోసిలి నిండా పోసింది. అది చూసి, చెలమ సంగతి విని, పల్లెవాళ్ళు ఒక్కొక్కళ్ళే పడవల్లోంచి సామాన్లు దించుకున్నారు.

కథేమో కంచికి,
వానేమో కొండకి,
కునుకేమో నీ కంటికి!